ఉమ్మడి గోడ మీద పెన్సిలు గీతలు

గోడ మీద పెన్సిలుతో గీతలు గీయాలన్న ఆలోచన నాదే. ఈ సంగతి మొదటే చెప్పుకోవాలి. ఎందుకంటే పంచాయతీ సెక్రటరీ వచ్చినప్పుడు ఆ గీతలు చూసి, "ఎవరో ఇంజనీరు గీసినట్టున్నదే" అని మా ఆయనతో అన్నాడు. గీసినదాన్ని నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్ను అడగలేదు.

నిరుడు తొలకరి పడిన వారానికి మా మధ్యగది పడమటి గోడకు కింద నుంచి ఒక మచ్చ లేచింది. మొదట అరచెయ్యంత. నాలుగు రోజులకు మంచం పొడవు. ఆ వేసవిలోనే లప్పం పట్టించి లేత ఆకుపచ్చ రంగు వేయించిన గోడ అది. రంగు బుడగలుగా లేచింది. గోరు తగిలితే పెచ్చులు ఊడి, లోపల తెల్లటి పొడి కనిపించేది. తలుపు తీయగానే తడిసిన సంచుల వాసన.

మా ఇల్లు పాతది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్న మా మామగారు, ఆయన తమ్ముడు కలిసి కట్టించారు. అప్పట్లో ఊరు దాటగానే అడవి, ఇప్పుడు పామాయిల్ తోటలు దాటాక అడవి. ఇటుకలను బంకమట్టితో పేర్చి, పైన సున్నం పూసి, కింద నాపరాళ్లు పరిచారు. వాటాలు పంచుకున్నప్పుడు నడిమి గోడ ఇద్దరికీ ఉమ్మడి అని కాగితం మీద రాసుకున్నారు. చినమామగారి పిల్లలు కల్లూరులో స్థిరపడి, మాతో ఒక్క మాట అనకుండా తమ వాటా అమ్మేశారు. అదొకటి నా మనసులో ఉంది.

కొన్నవాళ్లు మణుగూరు నుంచి వచ్చారు. ఆ ఇంటాయన బొగ్గు గనిలో కాంట్రాక్టు పని చేసి, మోకాలు చితికి మానేసినవాడు. ఆవిడ ఇంట్లో మిషను కుడుతుంది, ఎకరంన్నర కౌలుకు చేస్తుంది. ఆదివారం చర్చికి వెళతారు.

గోడకు అవతల ఏముందో చెబితే మీరూ నాలాగే అనుకుంటారు. బాత్రూం ఉంది. అదే వేసవిలో కట్టారు. వేసవిలో బాత్రూం, వానాకాలంలో చెమ్మ. ఇంకేం కావాలి?

ఆ బాత్రూం ఎందుకు కట్టారో కూడా న్యాయంగా చెబుతాను. అంతకుముందు వానాకాలంలో యూరియాకు కరువొచ్చింది. సొసైటీ గోదాం ముందు జనం చెప్పులు వరసలో పెట్టి, వాటి పక్కన గొడుగులేసుకుని కూర్చున్నారు. ఆవిడ రెండు రోజులు ఆ లైన్లోనే ఉంది. రెండో రోజు వానలో ఆయన ఒక్కడే పెరటి చివరనున్న మరుగుదొడ్డికి పోతూ, పాకుడు బండ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఖమ్మం దవాఖానాలో కడ్డీ వేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుంటే పది అడుగులు వేస్తాడు, పదకొండో అడుగుకు ఎవరైనా పట్టుకోవాలి. అందుకని మంచానికి దగ్గరగా, ఉమ్మడి గోడకు ఆనించి బాత్రూం కట్టించింది. జాలిపడాల్సిందే. పడ్డాను కూడా. కాని కాలు వాళ్లదైతే గోడ నాది కదా అనుకున్నాను.

వాళ్ల మీద నాకు అంతకుముందే ఒక కోపం ఉంది. ఆరేళ్ల క్రితం ఇల్లు కొన్న కొత్తలో ఇంటి ప్రార్థన పెట్టుకున్నారు. వీధి వీధంతా పిలిచారు. నా కార్డు మాత్రం మా గేటు ఊచలకు గుచ్చి ఉంది. మాలో పిలుపంటే మనిషి లోపలికి రావాలి, నిలబడి నోటితో చెప్పాలి, బొట్టు పెట్టాలి. బొట్టు వాళ్ల ఆచారం కాదు, ఒప్పుకుంటాను. నోరు ఉందిగా? కరెంటు బిల్లు గుచ్చినట్టు గుచ్చి పోవడమేమిటి? నేను వెళ్లలేదు. వారం తర్వాత ఆవిడ ఎదురుపడి అడిగింది.

"అక్కా, ప్రార్థనకు రాలేదేంది?"

"పిలిస్తే వచ్చేదాన్ని."

"కార్డు పెట్టిన గదక్కా. తలుపు గూడ కొట్టిన, ఎవలూ పలకలే."

మధ్యాహ్నం రెండింటికి కొడితే నిద్రలో ఉన్నవాళ్లు ఎలా పలుకుతారు? సాయంత్రం మళ్లీ రావచ్చుగా? ఆ కార్డు ఇప్పటికీ నా నోటుబుక్కులో ఉంది. అదే నోటుబుక్కులో గోడ సంగతి రాయడం మొదలుపెట్టాను.

రోజూ పొద్దున లేవగానే మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీసి పక్కన తేదీ వేసేదాన్ని. అవతల నీళ్ల చప్పుడు ఎప్పుడు వినిపిస్తే అప్పుడు టైము రాసేదాన్ని. "ఆరున్నర, బకెట్టు నిండింది. ఏడు, చెంబుతో పోసుకున్న చప్పుడు, పద్నాలుగు చెంబులు." చప్పుడు మొదలవగానే గోడకు చెయ్యి ఆనించి నిలబడేదాన్ని. ఒకరోజు మా ఆయన కాఫీ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నావే అక్కడ?"

"వింటున్నాను."

"అవతల మగమనిషి స్నానం చేస్తుంటే గోడకు చెవి పెట్టి వింటున్నావా? ఎవరన్నా చూస్తే ఏమంటారు?"

"చెవి కాదు, చెయ్యి."

"అయితే ఇంకా గొప్పగా ఉంది," అని వెళ్లిపోయాడు. నా మాటను ఆయన ఏనాడూ మొదటిసారి నమ్మలేదు.

నిజం చెప్పాలంటే నా లెక్క నాకే సరిగ్గా కుదరలేదు. ముప్పై చెంబులు పోసుకున్న రోజు గీత కదలలేదు. వాళ్లు ఊళ్లో లేని రోజు నాలుగు వేళ్ల ఎత్తు పెరిగింది. గోడలో నీళ్లు నడిచి రావడానికి టైము పడుతుందిలే అని సర్దుకున్నాను. నేరం తెలిశాక సాక్ష్యం దానంతటదే కుదురుకుంటుందని నా నమ్మకం.

వాళ్లింటికి వెళ్లి మొహం మీదే అడిగాను.

"మీ బాత్రూం నీళ్లు మా గోడలోకి దిగుతున్నాయి."

ఆవిడ మిషను తొక్కుతూనే, "మా దిక్కు గోడ ఎండిపోయి ఉన్నదక్కా. అచ్చి సూడు" అంది.

"మీ దిక్కు టైల్స్ వేశారు. వెనక ఏం జరుగుతుందో టైల్స్ చెబుతాయా?"

"మరి గిప్పుడేం జెయ్యమంటవు?"

"తీసెయ్యి."

మిషను ఆగింది. మంచం మీద ఆయన టీవీ సౌండు తగ్గించాడు.

"తీసేస్తే నేనేడికి పోవాలె వదినా? మీ ఇంటికి రావాల్నా?" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. నవ్వించి పని జరుపుకునేవాళ్లను చాలామందిని చూశాను.

"ఆయనకు పెరట్ల ఆ దొడ్డిదాకా పోయే బలం లేదక్కా. నీకు తెల్వదా?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. గొంతు పెంచని మనుషులంటే నాకు మరీ అనుమానం.

నేను పిలిపించిన ప్లంబరు ఒక ఉపాయం చెప్పాడు. అవతల బాత్రూం తూములో నీలిమందు కలిపిన నీళ్లు పోయాలి. కారుతున్నది అక్కడి నుంచే అయితే మా గోడకు నీలం దిగుతుంది. ఆవిడ ఒప్పుకుంది. నా కళ్ల ముందే సీసా మొత్తం గుమ్మరించింది. మూడు రోజులు గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. లేత ఆకుపచ్చ మీద నీలం చుక్క కూడా రాలేదు. ఆవిడ పెరటి పిట్టగోడ మీంచి తొంగి చూసి అడిగేది.

"అక్కా, నీలం దిగిందా?"

"ఇంకా లేదు."

మూడో రోజు పకపకా నవ్వింది. "మా ఆయన కాళ్లు కిష్టుని లెక్క నీలమైనయక్కా. మీ గోడనే కాలే!"

ఆ తేదీ పక్కన "వెటకారం" అని రాశాను. సీసాలో సగం నీళ్లే కలిపి ఉంటుందని కూడా రాశాను.

ఫిర్యాదు రాయడం నాకు చేతనైన పని. వీధి దీపం గురించి, మా పొలం గట్టు మీద పాతిన కరెంటు స్తంభం గురించి, రేషన్ షాపులో నన్ను వెనక్కి నిలబెట్టిన రోజు గురించి రాసినవన్నీ నకళ్లతో సహా దాచుకున్నాను. గోడ గురించి మూడు పేజీలు రాసి, బొమ్మ గీసి, పంచాయతీ ఆఫీసులో ఇచ్చాను. సెక్రటరీ కుర్రాడు రెండు వారాలు తిప్పించుకుని వచ్చాడు. అటు గోడ చూశాడు, ఇటు గోడ చూశాడు, ఇంజనీరు మాట అన్నాడు. తర్వాత మమ్మల్ని అందరినీ నడవలో నిలబెట్టి తీర్పు చెప్పాడు.

"పదిహేను రోజులు ఆ బాత్రూంల నీళ్లు బంద్ పెట్టుండ్రి. మళ్ల శుక్రవారం గాక పై శుక్రవారం నేనొస్త. గోడ ఆరితే తప్పు బాత్రూందే, అది తీసెయ్యాలె. ఆరకపోతే," అని నా వైపు తిరిగాడు, "మీరు గమ్మునుండాలె మేడం."

గమ్మునుండాలె. ఆ మాట తేదీతో సహా ఉంది నా దగ్గర.

ఆవిడ అప్పటికప్పుడే నల్లా కట్టేసి, దాని మెడకు ఎర్ర బట్ట పీలిక చుట్టి ముడేసింది, మరిచిపోయి ఎవరూ తిప్పకుండా. ఆ రోజు నుంచి ఆయన్ని పెరట్లోంచి తీసుకెళ్లడం మొదలైంది. మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. బండల మీద బూడిద చల్లి, దాని మీద పాత గోనెలు పరిచేది. ఆయన వాకర్ నాలుగు కాళ్లూ ఒక్కొక్కటే ఎత్తి పెట్టేవాడు. ఆవిడ ఒక చెయ్యి ఆయన నడుముకు చుట్టి, రెండో చేత్తో గొడుగు పట్టుకునేది. ముప్పై అడుగుల దూరానికి అన్నం ఉడికేంత సేపు పట్టేది. ఒకసారి మధ్యలో ఆగి కిటికీ వైపు చూశాడు.

"వదినా, సూస్తున్నవా? పంద్రాగస్టుకు మార్చింగ్ ప్రాక్టీస్ జేస్తున్నం!"

నేను కిటికీ రెక్క మూసేశాను. ఆ తర్వాత వంట చేస్తున్నంతసేపూ అది మూసే ఉండేది, పొగ చుట్టుకున్నా.

ఎండలు కాశాయి. తొమ్మిది రోజులు వరసగా కాశాయి. గోడ మీద గీత దిగడం మొదలుపెట్టింది. ఛాతీ ఎత్తు నుంచి నడుము దాకా, నడుము నుంచి మోకాలి దాకా. పొడి తెల్లగా ఎండి చీపురుకు రాలిపడింది. మా ఆయన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాను.

"చూశావా? నల్లా కట్టేశారు, గోడ ఆరింది."

"ఎండ గూడా కాసింది గదా."

"నీకు ఎప్పుడూ అవతలివాళ్ల ఎండే కనబడుతుంది."

వీధిలో నలుగురికి చెప్పాను. పాలు పోసే ఆవిడకు చెప్పాను. వేంసూరులో ఉన్న మా అక్కకు ఫోన్ చేసి చెప్పాను. గోడ అవతల ఆయన గోనెల మీద అడుగులు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంటే, ఇంకో వారం ఆగితే బాత్రూం పోతుంది కదా అని లోపల ఎక్కడో కలుక్కుమనేది. న్యాయం జరిగేటప్పుడు ఎవరికో ఒకరికి నొప్పి తప్పదని నాకు నేను చెప్పుకున్నాను.

పదో రోజు గోదావరి వైపు నుంచి మబ్బు కమ్మింది. చినుకు పడలేదు. గాలి మాత్రం ఆగిపోయి, తీగ మీద ఆరేసిన బట్ట సాయంత్రానికీ ఆరలేదు. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి గోడ మెరుస్తోంది. దిగిన గీతలన్నీ దాటి, మళ్లీ ఛాతీ ఎత్తుకు పాకింది. వేలితో రాస్తే నీరు అంటింది.

దొంగతనంగా నల్లా విప్పారు. ఇంకో మాట తోచలేదు నాకు. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లింట్లోకి వెళ్లాను.

"రాత్రి నీళ్లు వాడుకున్నారా?"

ఆవిడ పిండి కలుపుతోంది. లేవకుండానే బాత్రూం తలుపు చూపించింది. "పో. సూసుకో."

లోపల బకెట్టు అడుగున దుమ్ము పేరుకుంది. అందులో ఒక పురుగు వెల్లకిలా చచ్చి పడి ఉంది. నల్లాకూ బకెట్టు చెవికీ మధ్య సాలీడు గూడు కట్టింది. ఎర్ర పీలిక ముడి వేసింది వేసినట్టే ఉంది.

"ఇప్పి తిప్పి సూడక్కా," అంది ఆవిడ గుమ్మంలోంచి.

"అక్కర్లేదు."

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. నల్లాలో నీళ్లు లేవు, పైన వాన లేదు, గోడ తడిగా ఉంది. అంతే రాయాల్సింది. రాయలేదు. ఆ పుస్తకంలో నేను ఎగ్గొట్టిన మొదటి రోజు అదే.

సెక్రటరీ వస్తానన్న శుక్రవారానికి ముందురోజు, నాతో చెప్పకుండా మా ఆయన ఒక మేస్త్రీని తీసుకొచ్చాడు. ముసలాయన. అడవిలోపలి ఊరి నుంచి మోపెడ్ మీద వచ్చాడు. వాకిట్లో నిలబడి ఎవరితోనో ఫోన్‌లో కోయ మాటల్లో మాట్లాడి, లోపలికి వస్తూ తెలుగులోకి మారాడు. సున్నం గోడల పని తెలిసినవాళ్లలో ఈ చుట్టుపక్కల మిగిలింది ఆయనేనట. మా ఆయన అంతటితో ఊరుకోలేదు. గోడ ఉమ్మడిది కదా అని పక్కింటావిడను కూడా పిలిచాడు. మెడలో కొలత టేపుతో అలాగే వచ్చి, గడప మీద నిలబడింది.

మేస్త్రీ నా గీతలను చూడలేదు. గోడకు అరచెయ్యి ఆనించాడు. వంగి వాసన చూశాడు. ఆ తర్వాత చాకు మొనతో తెల్లటి పొడి గీరి, గోటి మీదకు తీసుకుని, నాలుక చివర పెట్టుకున్నాడు.

"అయ్యో, రంగు ఉంటుందయ్యా అందులో!" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని చప్పరించి, బయటికి వెళ్లి ఉమ్మేసి, పుక్కిలించి వచ్చాడు.

"ఇది భూమిల నుంచి వచ్చే ఉప్పు గాదమ్మా. గది వేరే తీరుగుంటది. ఇది నాలుకకు సల్లగ తగుల్తున్నది. ఎరువు. యూరియా బస్తాలు పెట్టిండ్రా ఈడ?"

"లేదు," అన్నాను.

ఆలోచించకుండా వచ్చిన మాట అది. వచ్చాక నాకే ఎందుకో బాగా వాడిన మాటలాగా అనిపించింది.

మేస్త్రీ వాదించలేదు. కిటికీలో ఉన్న నా పెన్సిలు తీసుకుని మచ్చ పై అంచు మీద నడిపించాడు. అంచు నీళ్లు పాకినట్టు వంకరగా లేదు. తిన్నగా వెళ్లి, ఒకచోట మూరెడు దిగింది. మళ్లీ తిన్నగా వెళ్లి, మళ్లీ మూరెడు దిగింది.

"గిది అయిదు బస్తాల ఎత్తు. గిక్కడ మూడు. గీ కొసకు ఒకటి. బస్తాలు గోడకు ఆనిచ్చి పెట్టిండ్రు. కిందియి కరిగినయి. ఆ రసం ఇటుక తాగింది. ఉప్పు జాడి మూత తీసిపెడితే ముసురుల నీరు కారదా? గట్లనే. మొగులైతే సాలు, గోడనే గాలిల తడిని గుంజుకుంటది. వాన అక్కర్లే, నల్లా అక్కర్లే. మీరేమో పైన లప్పం బెట్టి దానికి ఊపిరాడకుండ జేసిండ్రు."

నెల రోజులు ఆ మెట్లను నా చేత్తోనే గీశాను.

ఆ బస్తాలు ఉన్నాయి. కరువు మొదలవకముందే తెలిసినవాళ్ల ద్వారా తెప్పించుకున్నాం. ఊళ్లో లైన్లు మొదలయ్యాక కొట్టంలో ఉంటే అందరి కళ్లూ పడతాయని, నేనే పట్టుబట్టి మధ్యగదిలోకి మార్పించాను. పడమటి గోడకు పేర్పించి పైన తార్పాలిన్ కప్పాను. ఆ వారంలోనే ఒక సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి, "అక్కా, ఒక్క బస్తా సర్దరాదే. సొసైటీల దొరకంగనే తెచ్చిస్త. మడి ఎర్రబడుతున్నది" అంది. నా వెనక పది అడుగుల్లో బస్తాలున్నాయి. మధ్యలో ఒక కర్టెను. "మా దగ్గర ఎక్కడున్నాయమ్మా? మాకే లేవు" అన్నాను. కార్డు గేటుకు గుచ్చినదానివి, ఇప్పుడు మాత్రం మనిషివి నడిచి వచ్చావే అనుకున్నాను. ఆ తృప్తి నాకు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని కూడా నేను మరిచిపోలేదు.

మేం వాడింది సగం. మిగతావి బయటికి తీస్తే ఉన్నాయని తెలిసిపోతుంది కనుక తీయలేదు. వేసవి దాకా అక్కడే ఉన్నాయి. తీసేసరికి కింది వరస బస్తాలు ముద్దయిపోయాయి. మా ఆయన ట్రాక్టరులో వేసుకుపోయాక, వాసన కూడా మిగలకూడదని బిందెలకు బిందెలు నీళ్లు పోసి గది కడిగాను. నాపరాళ్ల సందుల్లోంచి ఆ నీళ్లన్నీ గోడలోకే పోయాయి. తర్వాత లప్పం, రంగు. లేవు, లేవు అని అందరితో అన్నాను కదా, చివరికి నాకే లేకుండా పోయాయి. ఇల్లంతా వెతికాను, పక్కిల్లు కూడా వెతికాను. ఆ గదిలో ఏడాదిపాటు ఏముందో ఒక్కసారీ తలుచుకోలేదు.

పక్కింటావిడ గోడ వంక, మేస్త్రీ గీసిన మెట్ల వంక చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి, బస్తాలు లెక్కపెడుతున్నట్టు.

"ఏ యేటివక్కా గవి?" అంది.

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నలభై ఏళ్లలో ఎన్నడూ నలుగురి ముందు నాకంటే ముందుగా నోరు తెరవని మనిషి, "చెప్పు" అన్నాడు.

"ఆ ఏటివే," అన్నాను.

ఆవిడ మెడలోంచి టేపు తీసి వేళ్లకు చుట్టుకుంది. మళ్లీ విప్పింది. నేను జవాబులు సిద్ధం చేసుకున్నాను. కార్డు సంగతి, ఆ నీలిమందు రోజు వెటకారం, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. నాలుగు తిడితే నేను ఎనిమిది అనగలను.

"అవ్," అంది. టేపు చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది. కాసేపటికి అవతల గోనెల మీద వాకర్ చప్పుడు వినిపించింది. ఆయన్ని పెరట్లోకి తీసుకెళుతోంది. నల్లా విప్పుకోవచ్చని అప్పటికి ఆవిడకు తెలుసు. అయినా విప్పలేదు. శుక్రవారం దాకా మాటిచ్చింది కదా.

ఆవిడ రెండు రోజులు యూరియా లైన్లో నిలబడకపోతే ఆయన ఒంటరిగా పెరట్లోకి పోయేవాడు కాదు. ఇది ఆవిడ అనలేదు. ఇంతవరకూ అనలేదు. నేనే అనుకుంటున్నాను.

శుక్రవారం సెక్రటరీ మా ఇంటికి బయలుదేరక ముందే నేను పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"మంచి పని జేసిండ్రు మేడం. పాత గోడ, సహజంగ చెమ్మ వచ్చింది అని రాస్త. సంతకం పెట్టుండ్రి, అయిపోతది."

వరండాలో పింఛను కోసం వచ్చిన నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. చెవులు ఇటే ఉన్నాయి. సంతకం పెట్టేస్తే అయిపోయేది. పెన్ను కూడా అందుకున్నాను.

"నా ఫిర్యాదుల్లో ఇంతవరకు ఒక్క అబద్ధం లేదు బాబూ. ఉన్నది రాయి."

"ఏం రాయాలె?"

"మేము యూరియా బస్తాలు గదిలో దాచినందువల్ల."

ఆయన తలెత్తాడు. "నిల్వ చేసినందువల్ల అని రాద్దాం మేడం. మంచిగుంటది."

"దాచినందువల్ల."

రాశాడు. సంతకం పెట్టి నకలు అడిగి తీసుకున్నాను. లేచేటప్పుడు, ఆ గోడ మీద గీతలు గీసింది ఇంజనీరు కాదు, నేనని కూడా చెప్పాను. ఆయన నవ్వాపుకున్నాడు. నేను ఇంటికి చేరేసరికి ఆ కబురు నాకంటే ముందు వీధిలోకి చేరింది. పాలు పోసే ఆవిడ ఆ సాయంత్రం పాలు పోసి, నా మొహం చూడకుండా వెళ్లింది.

మేస్త్రీ చెప్పినట్టే లప్పం, రంగు మొత్తం గీకించాం. పుట్టమన్ను తడిపి గోడకు మందంగా మెత్తడం, ఎండి రాలాక తీసేయడం, మళ్లీ మెత్తడం. మట్టి ఎండుతూ ఎండుతూ గోడలోని ఉప్పును గుంజుకుంటుందట. నాలుగుసార్లయింది. ఇంకా చాలాసార్లు కావాలంటున్నాడు. గదిలో ఇప్పుడు ఎర్రటి ఇటుకలే కనిపిస్తాయి. ఆ శుక్రవారం మర్నాడే, శనివారం పొద్దున, అవతల నల్లా విప్పారు. బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు వినగానే నా చెయ్యి దానంతటదే గోడ మీదకు పోయింది. మా ఆయన చూసి, కాఫీ తాగుతూ ఉండిపోయాడు.

నకలు ఆవిడకు ఇవ్వాలి. మధ్యాహ్నం పనులయ్యాక వెళ్లి గేటు దగ్గర నిలబడి పిలిచాను. లోపల మిషను చప్పుడు వినిపిస్తోంది. రెండోసారి పిలిచేసరికి ఆగింది. ఎవరూ రాలేదు. చేతిలో కాగితం, ఎదురుగా గేటు ఊచలు. తిరిగి వచ్చేశాను. మర్నాడు మళ్లీ వెళ్లాను, మళ్లీ అంతే. మూడో రోజు లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది.

"వదినా, తలుపు తీసే ఉన్నది. నేను లేచొచ్చేసరికి పొద్దుగూకుతది, నువ్వే రా!"

వెళ్లాను. గది మధ్యలో నిలబడి, నోటితో చెప్పాను. ఆ రోజు బస్తాలు ఉన్నాయని, లేవన్నానని. కాగితం చాపాను. ఆవిడ తల ఎత్తలేదు. ఎవరిదో జాకెట్టుకు చెయ్యి అతుకుతోంది.

"గాడ బెట్టి పో అక్కా."

పెట్టలేదు. మొండితనంలో నన్ను గెలిచినవాళ్లు ఈ వీధిలో లేరు. కుట్టు అయ్యేదాకా నిలబడతాను, అయ్యాక చేతికే ఇస్తాను అనుకున్నాను. ఆయన టీవీ సౌండు తగ్గించి మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. దారం తెగింది. ఆవిడ జాకెట్టు మడతపెట్టి పక్కన పెట్టింది. నా వైపు చూడకుండా, కుప్పలోంచి ఇంకో జాకెట్టు తీసుకుంది.